రూలెట్ చక్రం – శకుని లేని జూదం

జూదరిని గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ఒకే మాటతో సరిపెడతారు: దురాశ. కష్టపడకుండా డబ్బు రావాలనుకున్నాడు, ఉన్నది పోగొట్టుకున్నాడు అంటారు. లాటరీకి, మట్కాకు ఈ వివరణ కొంతవరకు సరిపోవచ్చు. కాని కాసినోలలో ఆడే రూలెట్ ఆటను కాస్త దగ్గరగా పరిశీలిస్తే ఇది చాలదని తోస్తుంది. దురాశాపరుడైనవాడు నాలుగు డబ్బులు రాగానే మూటకట్టుకుని లేచిపోవాలి. రూలెట్ బల్ల దగ్గర అలా లేచేవారు అరుదు. ఓడినవాడు చేతిలో ఏమీ మిగలక లేస్తాడు. గెలిచినవాడికి లేవడానికి కారణమే కనిపించదు. గెలిచిన డబ్బును అక్కడే, ఆ చక్రానికే తిరిగి ఒప్పజెబుతాడు. అనగా ఆ డబ్బుతో అతడు మరొకదానిని కొనుక్కుంటున్నాడన్నమాట. అదేమిటో తెలుసుకోకుండా జూదాన్ని ఎంత ఖండించినా, ఆ మాట జూదరి చెవికి ఎక్కదు.

ముందుగా ఆటను గురించి. రూలెట్ అంటే ఫ్రెంచి భాషలో చిన్న చక్రం అని అర్థం. 18వ శతాబ్దం చివరినాటికి పారిస్ జూదశాలలలో ఈ ఆట ఇంచుమించు నేటి రూపంలోనే నడుస్తున్నది. దీనిని గణితవేత్త పాస్కల్ కనిపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. జూదంలోని అవకాశాల లెక్కను గురించి 1654లో ఆయనకూ ఫెర్మాకూ నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు ప్రసిద్ధమైనవి కావడంచేత ఆ కథ ఆయనకు అతుక్కుని ఉంటుంది. యూరప్‌లో వాడే చక్రంలో 37 గడులుంటాయి. 1 నుండి 36 వరకు సంఖ్యలలో సగం ఎరుపు, సగం నలుపు. సున్న మాత్రం ఆకుపచ్చ. అమెరికాలో సాధారణంగా రెండు సున్నలుంటాయి. చక్రాన్ని ఒకవైపుకు తిప్పి, దాని అంచున తెల్లని గోళీని ఎదురువైపుకు విసురుతారు. బల్లమీద పరచిన బట్టపై అవే సంఖ్యలు వరుసకు మూడు చొప్పున గీసి ఉంటాయి. ఆటగాడు ఒక సంఖ్య మీద గాని, కొన్ని సంఖ్యల మీద గాని, ఎరుపు నలుపుల మీద గాని, సరి బేసుల మీద గాని పందెం కాస్తాడు. గోళీ వేగం తగ్గే సమయానికి బల్ల నడిపే క్రూపియర్ ఇక పందేలు చెల్లవని కేక వేస్తాడు. (క్రూపియర్ అన్న పదానికి మూలార్థం గుర్రం మీద రౌతు వెనుక కూర్చున్నవాడు. తరువాత జూదరి వెనుక నిలబడి సహాయం చేసేవాడికి ఆ పేరు వచ్చింది. నేడు అతడు బల్లకు అవతలి పక్కన, యజమాని తరఫున ఉన్నాడు.)

ఈ ఆటలో మోసం లేదు. ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం. కాసినో లాభం దొంగతనంగా వచ్చేది కాదు, బహిరంగంగా బల్లమీద రాసి ఉన్నది. ఒక సంఖ్య మీద కాసిన పందెం గెలిస్తే రూపాయికి 35 రూపాయలు ఇస్తారు, కాసిన రూపాయి కూడా తిరిగి వస్తుంది. ఎవరైనా 37 గడుల మీదా తలా ఒక రూపాయి పెట్టాడనుకుందాం. అతడు తప్పక గెలుస్తాడు. 37 రూపాయలు పెట్టి 36 రూపాయలు తీసుకుంటాడు. ఆ ఒక్క రూపాయి జూదశాల కూలి. నూటికి 2.70 వంతున అది ప్రతి పందెంలోనూ దాగి ఉంటుంది. రెండు సున్నల చక్రంలో ఆ వంతు 5.26. తెలివితో దీనిని తగ్గించడానికి వీలులేదు. పేకాటలో కొంత నేర్పు ఉన్నదని ఒప్పుకోవచ్చు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు పెట్టిన కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది కూడా. చక్రం విషయంలో అలాంటి వాదానికి చోటే లేదు.

అయితే నూటికి 2.70 అంటే చాలా స్వల్పంగా కనిపిస్తుంది. బజారులో ఏ దుకాణదారుడూ ఇంత తక్కువ లాభానికి సరుకు అమ్మడు. రహస్యం ఇక్కడే ఉన్నది. ఆ వంతు జూదరి తెచ్చిన డబ్బు మీద కాదు, అతడు కాసిన పందేల మొత్తం మీద పడుతుంది. గంటకు 40 సార్లు చక్రం తిరిగి, ప్రతిసారీ ఎరుపు మీద 100 రూపాయలు కాస్తే గంటకు 4,000 రూపాయల పందెం అవుతుంది. సగటున 108 రూపాయలు పోతాయి. ఆరు గంటలు కూర్చుంటే పందేల మొత్తం 24,000, సగటు నష్టం 648 రూపాయలు. జేబులో వెయ్యి రూపాయలే తెచ్చుకున్నవాడి సొమ్ములో అది దాదాపు మూడింట రెండు వంతులు. కాబట్టి కాసినోకు కావలసింది అతడు ఓడిపోవడం కాదు, కూర్చోవడం.

ఈ సంగతిని అందరికంటే బాగా గ్రహించినవాడు ఫ్రాన్స్వా బ్లాంక్. ఫ్రాన్సులో 1837 చివర జూదశాలలు మూతపడగా, ఆయన జర్మనీలోని హోంబుర్గ్‌కు చేరి, 1840వ దశకంలో అక్కడ ఒక్క సున్న చక్రాన్ని ప్రవేశపెట్టాడు. తన వంతును తానే తగ్గించుకుని జనాన్ని రప్పించుకున్నాడు. తరువాత 1863లో మొనాకో రాజు మూడవ చార్లెస్ నుండి జూదశాల హక్కు పొందాడు. ఆనాటి మొనాకో పరిస్థితి దయనీయం. మాంటన్, రోక్‌బ్రూన్ పట్టణాలు చేజారి రాజ్యంలో చాలా భాగం పోయింది, వాటితోపాటు ఆదాయమూ పోయింది. 1868లో రైలు వచ్చింది. 1869లో రాజు ప్రజల మీద ప్రత్యక్ష పన్నులనే ఎత్తివేశాడు. అంతటి ఆదాయాన్ని ఒక్క సున్న సంపాదించి పెట్టింది. ఇందులో చెప్పుకోవలసిన మరొక విశేషం ఉన్నది. ఆ జూదశాలలో మొనాకో పౌరులు ఆడటానికి వీలులేదు, నేటికీ లేదు. మన దేశంలో మాండవి నదిలో నిలిపిన ఓడలలో కాసినోలు నడిపిస్తున్న గోవా ప్రభుత్వం కూడా 2020లో స్థానికులు వాటిలో ఆడరాదని నిషేధించింది. హైదరాబాదు నుండి, కోస్తా పట్టణాల నుండి వెళ్ళేవారికి ఆ అడ్డు లేదు. సరుకు ఎలాంటిదో అమ్మేవాడికి తెలుసుననడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

లెక్క ఇంత స్పష్టంగా ఉండగా మనిషి ఎందుకు కూర్చుంటాడు?

తెలుగువారికి జూదమనగానే ధర్మరాజు, శకుని గుర్తుకు వస్తారు. ఆ కథలో జూదరికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, అతని చేతిలో కపటం ఉన్నది. ఓడినవాడు కోపగించుకోవడానికి ఒక ముఖం ఉన్నది. రూలెట్‌లో శకుని లేడు. క్రూపియర్‌కు ఎవరి మీదా ద్వేషం లేదు. గోళీకి అంతకంటే లేదు. పక్కన కూర్చున్నవాడు గెలిస్తే మరొకరికి పోయేదేమీ లేదు, పైగా అతనితోపాటు సంతోషించవచ్చు కూడా. పేదవాడికీ, జమీందారుకూ చక్రం ఒకే విధంగా తిరుగుతుంది. సిఫారసులు, కులగోత్రాలు, చదువు, వయస్సు దేనికీ అక్కడ విలువ లేదు. బయట లోకంలో అడుగడుగునా అన్యాయం చవిచూసినవాడికి ఈ నిష్పక్షపాతం ఎంత విశ్రాంతినిస్తుందో ఊహించవచ్చు. ఓడినా అవమానం లేదు, ఎందుకంటే ఓడించినవాడు లేడు. తన అదృష్టం తనతో నేరుగా మాట్లాడుతున్నదని అతనికి అనిపిస్తుంది. ఈ ఆట ఆకర్షణలో మొదటి పాలు ఇది.

రెండవది నిరీక్షణ. గోళీ విసిరినప్పటి నుండి అది గడిలో పడేవరకు అర నిమిషం పడుతుంది. ఆ కొద్దిసేపూ జూదరి గెలిచినవాడూ కాదు, ఓడినవాడూ కాదు. ఇంటి అద్దె, అప్పు, రేపటి పని, ఏదీ గుర్తు రాదు. ఇది కవిత్వం కోసం చెబుతున్న మాట కాదు. మెదడులో డోపమైన్ అనే పదార్థంతో పనిచేసే నాడీకణాలను గురించి షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కోతులపై పరిశోధించి 2003లో ఒక సంగతి వెల్లడించారు. పండ్లరసం తప్పక వస్తుందని తెలిసినప్పుడు గాని, రాదని తెలిసినప్పుడు గాని ఎదురుచూసే సమయంలో ఆ కణాలు అంతగా చలించలేదు. వచ్చేదీ రానిదీ సరిసమానంగా ఉన్నప్పుడు, ఫలితం తేలే క్షణం వరకు వాటి చలనం పెరుగుతూ పోయింది. ఎరుపు నలుపుల పందెంలో గెలుపు అవకాశం నూటికి 48.6. ఏ పరిశోధనలూ లేని కాలంలోనే జూదశాలవారు సరిగ్గా ఆ చోటికి చేరుకోవడం గమనార్హం. జూదరి కొనుక్కుంటున్నది ఆ అర నిమిషాన్నే. డబ్బు దానికి టిక్కెట్టు. అందుకే గెలిచిన డబ్బు కూడా జేబులోకి వెళ్ళదు, మరికొన్ని టిక్కెట్లవుతుంది.

మూడవది, కొద్దిలో తప్పిపోవడం. ఒకడు 17 మీద పందెం కాశాడు. చక్రంలో 17కు ఇరుపక్కలా ఉన్నవి 25, 34. గోళీ వాటిలో పడితే వెంట్రుకవాసిలో తప్పిందంటాడు. బట్ట మీద 17కు నాలుగువైపులా ఉన్నవి 14, 16, 18, 20. వాటిలో పడినా అదే మాట. చక్రం మీద సంఖ్యల వరుస ఒకటి, బట్ట మీద వరుస మరొకటి కావడంవల్ల, గెలిపించే గడి ఒక్కటే అయినా గెలుపు దగ్గరకు వచ్చిందనిపించే గడులు ఆరు ఉన్నాయి. లెక్కకు 16లో పడినా, 3లో పడినా ఓటమి ఒక్కటే. మనస్సు అలా ఒప్పుకోదు. విలువిద్య నేర్చుకునేవాడికి బాణం గురి పక్కన తగిలితే అది నేర్పు పెరుగుతున్నదనడానికి గుర్తు. మరికొంత సాధన చేయడం వివేకం. జీవితమంతా మనకు పనికివచ్చిన ఆ వివేకాన్నే చక్రం మన మీదికి తిప్పుతుంది. జూదరులంతా తెలివితక్కువవారని భావించేవారు ఈ విషయం ఆలోచించాలి.

లెక్క తెలిసినవారు కూడా మరొక చోట జారిపడతారు. 1913 ఆగస్టు 18న మాంటే కార్లోలో ఒక బల్ల మీద వరుసగా 26 సార్లు నలుపు పడింది. పదిహేనవసారి దాటినప్పటి నుండి జనం ఎగబడి ఎరుపు మీద కాయసాగారు; ఇన్నిసార్లు నలుపు పడింది కదా, ఇక ఎరుపు పడక తప్పదని వారి నమ్మకం. లక్షలు పోయాయి. ముందుగా పేర్కొన్న 26 ఆటలలోనూ నలుపే పడే అవకాశం సుమారు 13.7 కోట్లలో ఒకటి. కాని 25 సార్లు పడిపోయిన తరువాత 26వ సారి పడే అవకాశం మాత్రం ఎప్పటిలాగే 37లో 18. గోళీకి జ్ఞాపకం లేదు. ఈ భ్రమను ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1814లోనే వివరించాడు. మగబిడ్డ కోసం ఆశపడే తండ్రులు, ఆ నెలలో ఊళ్ళో మగపిల్లలు ఎక్కువగా పుడుతున్నారని తెలిస్తే తమ వంతుకు ఆడపిల్లే మిగులుతుందని దిగులుపడేవారట.

ఇక ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేసే పద్ధతి. ఎప్పుడో ఒకసారి గెలుస్తాం, పోయినదంతా వచ్చి మొదటి పందెం అంత లాభం మిగులుతుందని దీని తర్కం. వంద రూపాయలతో మొదలుపెట్టి వరుసగా ఎనిమిది సార్లు ఓడితే 25,500 రూపాయలు పోతాయి. తొమ్మిదవ పందెం 25,600 కావాలి, అదీ వంద రూపాయల లాభం కోసం. ఎరుపు మీద కాసేవాడికి ఎనిమిది వరుస ఓటములు సుమారు 207 ప్రయత్నాలలో ఒకసారి వస్తాయి. మిగిలిన 206 సార్లూ నూరేసి రూపాయల చొప్పున వచ్చేది 20,600. రెట్టింపు ఇంకా సాగించబోతే బల్లకు గరిష్ఠ పందెం ఇంతని నిర్ణయించి ఉంటుంది. అయినా ఈ పద్ధతిని నమ్మినవాడు దీనిని వదలడు. కారణం సులభం. ఇరవై రోజులు వరుసగా గెలిచాడు. అనుభవం అతని పక్షాన సాక్ష్యం చెబుతున్నది.

ఇంతవరకు చూసిన దానిని బట్టి జూదంలో మనిషికి ఏదో లభిస్తున్నదని ఒప్పుకోక తప్పదు. ఖుర్ఆన్ ఈ విషయాన్ని ఎలా ప్రస్తావించిందో ఇక్కడ పరిశీలించడం ఉచితం. బఖరా సూరా 219వ ఆయత్‌లో మద్యంతోపాటు మైసిర్‌ను గురించి అడిగినవారికి వచ్చిన సమాధానంలో మొదట దాని లాభాలను కాదనలేదు. వాటిలో ఘోరమైన పాపమూ, ప్రజలకు కొన్ని ప్రయోజనాలూ ఉన్నాయని, పాపం ప్రయోజనాన్ని మించినదని చెప్పబడింది. పూర్తి నిషేధం తరువాత మాయిదా సూరా 90, 91 ఆయత్‌లలో వచ్చింది. తెలుగులో మైసిర్‌ను జూదం అని అనువదిస్తారు. వేరే మాట లేదు కూడా. కాని ఆ అరబీ పదాన్ని కొందరు ముఫస్సిర్లు యుస్ర్, అనగా సౌలభ్యం అనే మూలం నుండి వచ్చిందని, మరికొందరు పంచడం అనే అర్థం గల మూలం నుండి వచ్చిందని వివరించారు. జూదమన్న మాటలో ఈ రెండు ఛాయలూ కనిపించవు.

పంచడమన్న అర్థానికి కారణం ఉన్నది. ఇస్లాంకు పూర్వం అరబ్బులు ఒంటెను కోసి, పది బాణాలను సంచిలో వేసి తీసేవారు. ఏడు బాణాలకు ఒకటి నుండి ఏడు వరకు వంతులు; మూడు బాణాలు ఉత్తవి. ఉత్త బాణాలు వచ్చినవారు ఒంటె ఖరీదు చెల్లించేవారు. గెలిచినవారు మాంసాన్ని తాము తినక పేదలకు పంచి, ఆ ఔదార్యాన్ని గొప్పగా చెప్పుకునేవారు. చలికాలపు కరవు రోజులలో అది ఆకలిగొన్నవారికి అన్నమే. కాబట్టి ఆయత్ పేర్కొన్న ప్రయోజనం మాటవరసకు అన్నది కాదు. పేదవాడి నోటికందే ముద్దను కూడా లెక్కలో వేసుకున్న తరువాతనే తూకం అటువైపు మొగ్గిందన్నమాట. కాసినో పన్నులతో రోడ్లు, బడులు కట్టవచ్చని వాదించే నేటి ప్రభుత్వాలు ఈ సంగతి గమనించాలి. వారి వాదం కొత్తది కాదు.

మాయిదా సూరాలో నిషేధానికి చెప్పిన కారణాలు రెండు: మనుషుల మధ్య శత్రుత్వం, ద్వేషం పుట్టించడం ఒకటి, దైవస్మరణ నుండి, నమాజు నుండి మరపించడం రెండవది. మరపు సంగతి పైన చెప్పిన అర నిమిషంతోనే స్పష్టమవుతుంది. లాస్ వేగాస్‌లో జూదయంత్రాల ముందు గంటల తరబడి కూర్చునేవారిని పరిశీలించిన నటాషా షుల్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 2012లో ప్రచురించిన గ్రంథంలో, వారిలో పలువురు గెలుపు కోసం ఆడటం లేదని, ఆ మరపు తెగిపోకుండా ఉండటం కోసమే ఆడుతున్నారని తేల్చింది. మొదటి కారణం మాత్రం పాఠకునికి చిక్కు కలిగించవచ్చు. ఒంటె జూదంలో ఒకరి నష్టం మరొకరి లాభం, ద్వేషం సహజం. రూలెట్ బల్ల చుట్టూ కూర్చున్నవారికి ఒకరితో ఒకరికి పోటీయే లేదు కదా, శత్రుత్వం ఎక్కడిది?

దీనికి సమాధానం బల్ల దగ్గర దొరకదు, ఇంటి దగ్గర వెదకాలి. రష్యన్ రచయిత దోస్తయేవ్‌స్కీ జీవితం ఇందుకు చక్కని నిదర్శనం. ఆయనకు రూలెట్ రుచి 1863లో వీస్‌బాడెన్‌లో గెలుపుతోనే తగిలింది. తల చల్లగా ఉంచుకుని ఆడితే ఓటమి ఉండదని, అదే అసలు రహస్యమని బంధువులకు రాశాడు. 1865లో అదే ఊళ్ళో ఐదు రోజులలో సర్వం పోగొట్టుకుంటే హోటలువారు భోజనం పెట్టడం మానేశారు. మరుసటి సంవత్సరం ఒక ప్రచురణకర్తకు నవంబరు 1లోగా నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళపాటు తన రచనలన్నిటినీ ఉచితంగా అచ్చువేసుకునే హక్కు అతనికి పోతుందన్న ఒప్పందంలో చిక్కి, 26 రోజులలో ‘జూదరి’ అనే నవలను చెప్పి రాయించాడు. రాసిన యువతి పేరు అన్నా. జూదరి మనస్సును అంత లోతుగా ఎరిగి చెప్పినవాడు, ఆ నవల ముగిసిన తరువాత ఇంకా నాలుగేళ్ళకు పైగా ఆడుతూనే ఉన్నాడు. తెలియడం వేరు, మానడం వేరు.

1867 ఫిబ్రవరిలో ఆయన అన్నాను వివాహమాడాడు. ఆ వేసవిలో బాడెన్-బాడెన్‌లో ఆమె కమ్మలు, బ్రోచి, చివరకు పెళ్ళి ఉంగరం కూడా తాకట్టుకు వెళ్ళాయి. అప్పటికి ఆమె గర్భవతి. ఓడి వచ్చిన ప్రతిసారీ ఆయన ఆమె కాళ్ళమీద పడి ఏడ్చేవాడు. మళ్ళీ డబ్బు అడిగేవాడు. బల్ల దగ్గర పుట్టని శత్రుత్వం ఎటు మళ్ళిందో ఇక్కడ కనిపిస్తుంది. కోపగించుకోవడానికి శకుని లేనప్పుడు మనిషి తనను తానే ద్వేషించుకుంటాడు, లేదా తాకట్టు పెట్టడానికి ఇంకేమీ లేదన్న భార్యను. అన్నా తిరిగి ద్వేషించలేదు. ఆమె సహనం అందరి ఇళ్ళలోనూ ఉంటుందని ఆశించరాదు.

1871 వసంతంలో భర్త రచన సాగక కుంగిపోతుంటే, వీస్‌బాడెన్‌కు వెళ్ళి ఒకసారి ఆడి రమ్మని అన్నాయే పొదుపు చేసిన థాలర్లిచ్చి పంపింది. గెలుస్తాడన్న ఆశ ఆమెకు లేదు. ఆయన ఆ డబ్బంతా పోగొట్టుకున్నాడు. తిరుగు ప్రయాణానికని ఆమె పంపిన 30 థాలర్లనూ పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి చీకటిలో రష్యన్ పాదిరీని వెదుక్కుంటూ పరుగెత్తి, తెలియని వీధులలో దారి తప్పి, చర్చి అనుకుని ఒక భవనం ముందు ఆగాడు. అది యూదుల ప్రార్థనా మందిరమని ఎవరో చెప్పారు. తన మీద చన్నీళ్ళు కుమ్మరించినట్లయిందని భార్యకు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఆమె ఆ ఉత్తరాన్ని నమ్మలేదు. అలాంటివి ఎన్నో చదివి ఉన్నది. కాని ఆయన ఆ తరువాత పది సంవత్సరాలు బ్రతికాడు, యూరప్‌కు మళ్ళీ మళ్ళీ ప్రయాణాలు చేశాడు, రూలెట్ మాత్రం ఆడలేదు. వీస్‌బాడెన్ జూదశాలను జర్మన్ ప్రభుత్వం 1872 చివర మూసివేసింది.